ఎస్తేరమ్మ చేతి రొట్టె

"ఏమబ్బా, ఈ పెనం మీద ఇందాక ఏం కాల్చినావు?"

ఏబెల్ చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. బంగారుపాళ్యం హైవే పక్కన టిఫిన్ కొట్టు పెట్టి మూడేళ్ళయింది. చట్నీలో ఉప్పు తక్కువైందన్న వాళ్ళున్నారు, సాంబారు నీళ్ళలా ఉందన్న వాళ్ళున్నారు. పెనం పుట్టుపూర్వోత్తరాలు అడిగిన మనిషి మాత్రం ఈ అమ్మాయే.

"పరోటా కాల్చినా. ఏమి?"

"అయితే దోసె వద్దు. ఇడ్లీ పెట్టు. సాంబార్లో ఇంగువ వేసినావా?"

"ఇంగువ లేకుండా సాంబారు యాడన్నా ఉంటుందా మేడమ్?"

"ఆ ఇంగువ డబ్బా తీసి వెనకాల చదువు."

ఏబెల్ డబ్బా తిప్పి చూశాడు. చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని రాసుంది. ఇంగువ డబ్బాను పుస్తకంలా చదవాల్సి వస్తుందని వాడెప్పుడూ అనుకోలేదు.

"సాంబారు కూడా వద్దులే. చట్నీ చాలు. గరిటె కడిగి వెయ్" అంది కృపామణి, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఆమె ఆ పక్కనే ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. గుజ్జు బాగాలేకపోతే బాగాలేదని మేనేజరు మొహం మీదే చెప్పేస్తుంది. అలాంటి పిల్ల గరిటె విషయంలో మొహమాటపడుతుందా?

"కోపం చేసుకోకపోతే ఒకటి అడుగుతా. ఇంతకూ మీకేమి జబ్బు?" అన్నాడు ఏబెల్, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టి.

"సీలియాక్. గోధుమ నలుసంత లోపలికి పోయినా నా ఒళ్ళే నా పేగుల మీద తిరగబడతాది. దీనికి మందు లేదు. జన్మంతా మానేసేదే మందు."

"అయ్యో పాపం."

"పాపం గీపం వద్దు. ఆరేండ్లు నులిపురుగులన్నారు, దిష్టన్నారు, రక్తం లేదన్నారు. పేరు తెలిసినాకే కదా నేను మనిషినైంది! సంగటుండాది, అన్నముండాది, నంజుకునేదానికి చెనిక్కాయల ఊరిబిండి ఉండాది. నాకేం తక్కువ?"

నిజమే, ఏం తక్కువ? ముఖ్యంగా నోరు. ఏబెల్ ఆ మాట పైకి అనలేదు. మరునాడు కొట్లో కొత్త పెనం ఒకటి విడిగా ఒక మేకుకు వేలాడింది.

"ఇది మీకే. దీని మీద పరోటా పడితే నా పేరు ఏబెల్ కాదు."

"ఎవురికైనా ఇంతేనా, నాకేనా?"

"ఎవురికైనా ఇంతే" అన్నాడు వాడు, చెవులు ఎర్రబడుతుండగా. అబద్ధం చెప్పడం చేతకాని మొహం వాడిది.

మామిడి సీజను అయిపోయింది. వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం కొట్టు ముందు కట్టిన టార్పాలిన్ మీద వాన దబదబా కురుస్తుంటే, ఇద్దరూ దాని కింద ఇరుక్కుపోయారు. నిజానికి కృపామణి బ్యాగులో గొడుగుంది. ఆమె తీయలేదు, ఏబెల్ అడగలేదు.

"మా అమ్మ నిన్ను చూడాలంటా ఉండాది. ఆదివారం మా ఊరు పాకాలకు రా. చర్చి అయినాక ఇంట్లో భోంచేద్దాం. అన్నీ చెప్పి పెట్టినా. ఇంగువ లేదు, బాండలి కొత్తది, గరిటె కొత్తది" అన్నాడు ఏబెల్.

"ఎంత ప్రేమో!"

"ప్రేమ యాడిది? భయం."

"నా దగ్గర రెండూ ఒకటేలే" అంది కృపామణి. వాడి చూపు తప్పించుకోవడానికి వాన వైపు తిరిగింది. మనసు మాత్రం అప్పటికే పాకాల బస్సెక్కేసింది.

ఏబెల్ అన్నీ ఆలోచించాడు, ఒక్కటి తప్ప. ఆ ఆదివారం నెలలో మొదటిది. పాస్టరుగారు ప్రార్థించిన రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు. దాన్నే వాళ్ళు బల్ల తీసుకోవడం అంటారు. ఆ చర్చికి ఇరవై రెండేళ్ళుగా ఆ రొట్టె కాల్చేది ఏబెల్ తల్లి ఎస్తేరమ్మే. గోధుమ పిండితో కాలుస్తుంది. దోసె తిండి, పరోటా తిండి. బల్ల మీది రొట్టె కూడా తిండేనన్న సంగతి మాత్రం వాడి బుర్రకు తట్టనే లేదు.

రొట్టె ప్లేటు ఆడవాళ్ళ వరసలోకి వచ్చింది. కృపామణి దాన్ని పక్కామెకు అందించేసింది. వెనకే, ఆ రొట్టె తిన్న నోళ్ళతోనే అందరూ తాగే గిన్నె వచ్చింది. దాన్నీ అందించేసింది. ముందు వరసలోంచి ఎస్తేరమ్మ తిరిగి చూసింది. ఆరాధన అయ్యాక తలనొప్పి అని మంచమెక్కిన మనిషి, భోజనాల దగ్గరికి రానే లేదు.

సోమవారం ఏబెల్ ఫోను చేశాడు.

"మనసులో తప్పు పెట్టుకున్నోళ్ళే బల్ల వదిలేస్తారంట. ఈ పిల్ల మనకొద్దంటా ఉండాది మా అమ్మ. జబ్బు సంగతి చెప్తే అదొక సాకంటాది."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా... అదీ... ఒక్క ముక్క నోట్లో వేసుకునుంటే పోయేది కదా కృపా."

ఎవరెవరో అన్న మాటే. వాడి నోట వస్తుందని మాత్రం కృపామణి అనుకోలేదు. కడుపులో పేగుల కంటే పైన ఎక్కడో నొప్పి పుట్టింది.

"తప్పయిపోయింది" అన్నాడు ఏబెల్ వెంటనే.

"అయింది. మీ అమ్మ రొట్టె ఎప్పుడు కాలుస్తాది?"

"వచ్చే నెల... బల్లకు ముందు రోజు. శనివారం పొద్దున."

"సరే. ఆ పొద్దు నేను వస్తా. నువ్వు అడ్డం రావద్దు."

ఆ శనివారం రానే వచ్చింది. ఎస్తేరమ్మ గోధుమ పిండి జల్లిస్తుండగా గడప దగ్గర నీడ పడింది.

"నువ్వా! వచ్చినదానివి లోపలికి రా."

"పిండి ఎగురుతా ఉండాదమ్మా. ఈడే నిలబడతా."

"నా రొట్టే వద్దు, నా ఇల్లూ వద్దు. ఏమిటికి వచ్చినావు మరి?"

"నిజం చెప్పేదానికి వచ్చినా. ఆ పొద్దు రొట్టె నోట్లో పెట్టుకోని, మెల్లగా చేతిగుడ్డలో ఊసేసి ఉండచ్చు. మీరు చూసుండరు. ఈపాటికి మా పెండ్లి మాటలు కూడా అయిపోయుండును. ప్రభువు బల్ల దగ్గర నాటకమాడేదానికి నాకు మనసు రాలేదమ్మా."

జల్లెడ ఆగింది.

"రెండేండ్ల నాలుగు నెలలైంది నేను బల్ల తీసుకుని. ప్లేటు వచ్చినప్పుడల్లా పక్కోళ్ళకి ఇచ్చేసి తల వంచుకుంటా. ఈ పిల్ల ఏం తప్పు చేసిందో అని అందరూ చూస్తారు. నేనేం తప్పు చేయలేదమ్మా."

బస్సులో పాకాల వచ్చేదాకా వల్లె వేసుకున్న మాటలే ఇవి.

ఎస్తేరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "మీ ఊరి చర్చిలో నీకోసం వేరే పిండితో చేయమని అడగలేదా?"

"నా ఒక్కదాని కోసం అందరికీ ఎందుకమ్మా ఇబ్బంది."

"పెనం కడగమని కొట్లో అడుగుతావంట. గరిటె కడగమంటావంట. అన్నీ అడిగే నోటికి ఇది అడిగేదానికి రాలేదా?"

ఫ్యాక్టరీలో, బస్టాండులో, పెళ్ళిళ్ళలో ఎవరికీ జంకని కృపామణి, తన సొంత వాళ్ళ మధ్య మాత్రం అడగకుండానే వదిలేసుకుంది. ఆ సంగతి ఎస్తేరమ్మ చెప్పేదాకా తనకే తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పో. రేపు చర్చికి రా" అంది ఎస్తేరమ్మ, పిండి పళ్ళెం పక్కకు నెట్టేసి.

ఆదివారం రొట్టె ప్లేటు కదిలింది. అది రెండో వరస దాటకముందే చిన్నబ్బ తాత గొంతు చర్చంతా వినబడింది. తాతకు చెవుడు, అందుకే ఆయన గుసగుస కూడా మైకు లాగే ఉంటుంది.

"ఎస్తేరూ, ఈ తూరి రొట్టె పెళుసుగా ఉండాదే?"

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. "బియ్యం పిండితో చేసినా. ప్రేమానందం పాస్టరుగారిని అడిగే చేసినా. బంగారుపాళ్యం పిల్లకి గోధుమ పడదు."

"ఆ పిల్లకి విడిగా చేసుండచ్చు కదా?" అన్నారెవరో వెనకనుంచి.

"బల్ల ఒకటే అయినప్పుడు రొట్టెలు రెండెట్ట చేస్తా? బియ్యం తింటే మీకేమన్నా అవుతాదా?"

పాస్టరుగారు నవ్వాపుకోవడానికి తల వంచుకున్నారు.

ప్లేటు కృపామణి ముందుకొచ్చింది. ఆమె చెయ్యి సగం లేచి ఆగిపోయింది. రెండేళ్ళ అలవాటు అంత సులువుగా పోతుందా? అడగాలా వద్దా అని ఆమె తటపటాయిస్తుండగానే ముందు వరసలోంచి ఎస్తేరమ్మ తల తిప్పింది.

"మర పిండి కాదు. మరలో గోధుమలూ ఆడిస్తారు కదా. రోట్లో నేనే దంచినా. రోలూ కడిగినా, పెనం కొత్తది. తీసుకో."

ఆ మర సంగతి ఏబెల్‌కు కూడా ఎప్పుడూ తట్టలేదు.

కృపామణి రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, రుచి లేదు, పెళుసుగా ఉంది. అంత మంచి రొట్టె ఆమె పుట్టి బుద్ధెరిగి తినలేదు. గిన్నె వచ్చింది. అదీ తాగింది. మగవాళ్ళ వైపు ఏబెల్ కళ్ళు తుడుచుకుంటూ, ఎవరూ చూడలేదనుకున్నాడు. అందరూ చూశారు.

ఆరాధన అయ్యాక ఎస్తేరమ్మ నేరుగా కృపామణి దగ్గరికొచ్చింది. రెండు భుజాలూ పిసుక్కుంటూ నిలబడింది.

"నెలనెలా ఇన్ని బియ్యం దంచేదానికి నా ఒక్కదాని రెక్కలు చాలవు. ఇంటికి ఎప్పుడొస్తావు?"

"నన్నడిగితే ఎట్ట? వచ్చి మా నాయన్ని అడగండత్తా" అంది కృపామణి.