లోపల ఒకరు

ఆదివారం కాబట్టి ఆ క్రెష్‌లో పిల్లలెవరూ లేరు. గోడల నిండా రంగుకాగితాల పిట్టలు, వరసగా ఆరేసిన బుల్లి చాపలు, పాలసీసాలు కడిగిన సబ్బు వాసన. ఆఫీసు గదిలో ఒకావిడ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో పురుగులు, అంటే తప్పులు, ఏరడమే ఆమె పని కాబట్టి స్నేహితులు ఆమెని పురుగుల డాక్టరమ్మ అనేవాళ్ళు. పోనుపోను మొదటి ముక్క ఊడిపోయి ఉత్త డాక్టరమ్మ మిగిలింది. ఇవాళ డాక్టరమ్మకి తలనొప్పిగా ఉంది, ఆకలిగా ఉంది, అన్నిటికీ మించి ఒళ్ళు మండిపోతోంది.

ఆ క్రెష్ వెబ్ పేజీ రాసింది తనే. అక్కడ పిల్లల చేతికి ఒక పట్టీ కడతారు. పిల్ల ఏ గుమ్మం దాటినా సెన్సర్ ఆ పట్టీని గుర్తుపట్టి పేజీకి చెబుతుంది. తల్లిదండ్రులు ఉద్యోగాల్లో కూర్చునే తమ పిల్ల ఏ గదిలో ఉందో ఫోన్లో చూసుకుంటారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయి లెక్క సున్నా అయ్యాకే వీధి తలుపు దానంతటది తాళం పడుతుంది.

కొన్నాళ్ళుగా లెక్క సున్నాకి దిగడం లేదు. ఆఖరి పిల్ల వెళ్ళిపోయినా "లోపల ఒకరు" అనే చూపిస్తోంది. అది చూసి తల్లులు హడలిపోయి ఫోన్లు చేస్తున్నారు. ఇద్దరు తమ పిల్లల్ని మాన్పించేశారు కూడా.

"మీ ఇంట్లో చూస్తే బాగానే ఉందంటావు, ఇక్కడికొస్తే ఇలా ఉంటుంది," అని క్రెష్ నడిపే పెద్దావిడ పొద్దున్నే ఫోన్లో అంది. "తల్లులు పిల్లల్ని మీ ఇంట్లో దించరు కదమ్మా. రేపు తలుపు తీసేలోగా బాగుపడకపోతే ఏమీ అనుకోకు, ఇంకొకళ్ళని చూసుకుంటాను."

"ఇవాళ క్రెష్‌లోనే కూర్చుని తేల్చేస్తానండీ," అంది డాక్టరమ్మ.

వేరియబుల్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. పైన పేరు రాసిన డబ్బా, అంతే. ఏది వేస్తే అది ఉంటుంది, వెయ్యనిది ఉండదు. డాక్టరమ్మ ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నది ఆ ఒక్క నమ్మకం మీదే.

ఆ పేజీ రాసిన జావాస్క్రిప్ట్ భాష తిక్క ఆమెకి కొత్త కాదు. అంకెని అక్షరమనుకుని కూడుతోందేమో చూసింది. కాదు. పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి ఇంకో డబ్బా పుట్టించానా అని వెతికింది. లేదు. పాత విలువ బ్రౌజర్లో మిగిలిపోయిందేమోనని అంతా తుడిచేసింది. ఆఖరికి కోడ్‌లో ప్రతి వరస కిందా విలువని బయటికి చూపించే కన్సోల్ లాగ్ పెట్టి నడిపింది.

ఒక వరసలో సున్నా. దాని కింది వరసలో ఒకటి. రెండింటి మధ్యా ఏమీ లేదు.

లెక్కపెట్టే భాగాన్ని మొత్తం తీసి పక్కన పెట్టి మళ్ళీ నడిపింది. సున్నా. ఒకటి.

"నీ దుంప తెగ," అంది స్క్రీన్‌తో.

మధ్యాహ్నం మొగుడు ఫోన్ చేశాడు. "పాప అన్నం తిననని మొండికేసింది. ఎప్పుడొస్తావ్?"

"ఒక్క తప్పు దొరకాలి, అంతే."

"పొద్దున్నించీ అదే పాట."

ఆమె ఫోన్ పెట్టేసింది. బయట మబ్బు కమ్ముకొచ్చింది. గదిలో వెలుగు కొద్దికొద్దిగా తగ్గింది. కాసేపటికి వాన మొదలై కిటికీ అద్దాల మీద గోళ్ళతో గీరినట్టు కురిసింది. సబ్బు వాసన పోయి, దాని చోట విరిగిన పాల వాసన, తడిసిన జుట్టు వాసన వచ్చాయి. తడి చాపలనుకుంది.

అప్పుడామెకి తట్టింది. ఇంతసేపూ లెక్కనే చూస్తోంది. లెక్కలోకి వస్తున్నది ఎవరో చూడనేలేదు. ఒక వరస కొట్టి నడిపింది.

పేరు: అన్‌డిఫైన్డ్.

తెచ్చినవారు: అన్‌డిఫైన్డ్.

గది: నిద్ర గది.

అన్‌డిఫైన్డ్ అంటే డబ్బా ఉంది కానీ అందులో ఎవరూ ఏమీ వెయ్యలేదని. గది మాత్రం తెలుస్తోంది. డాక్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది. నిద్ర గది సెన్సర్ చెడిపోయి ఉంటుంది. అంటే తప్పు తనది కాదు, వైర్లు బిగించినవాడిది. లేచి వెళ్ళి చూసింది. ఖాళీ గది. చాపలు ముట్టుకుంది. పొడిగా ఉన్నాయి. గుమ్మం పక్కనున్న సెన్సర్‌ని నాలుగు తట్లు తట్టి తిరిగొచ్చింది.

గది: బొమ్మల గది.

"ఇదీ పోయిందన్నమాట," అని విసుక్కుంటూ వెళ్ళి, సెన్సర్లన్నింటికీ కరెంటిచ్చే స్విచ్చి ఆపేసింది. ఇక ఏ గుమ్మమూ ఏమీ చెప్పే వీల్లేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

గది: నడవా.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నడవా అంటే ఆఫీసు గది తలుపు బయటే. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కాదు... వానలో ఇంకేదో ఉంది. వట్టి పాదాలు నేలకి అంటుకుని ఊడుతున్న చప్పుడు. చిన్న పాదాలు.

వరస మారింది.

గది: ఆఫీసు.

తల తిప్పలేదు. విరిగిన పాల వాసన గుప్పుమంది. మోకాలి దగ్గర చల్లగా... ఎవరో ఊపిరి వదిలినట్టు. వదులుతున్నట్టు.

"వెళ్దామా?"

అంతే వినబడింది. గుసగుసగా. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన గొంతు.

పిల్లని లెక్కలోంచి తియ్యాలంటే పేజీలో ఒకటే దారి. తీసుకెళ్ళేవాళ్ళ పేరు కొట్టాలి, పిల్లకి వాళ్ళు ఏమవుతారో ఆ వరస ఎంచుకోవాలి. డాక్టరమ్మ తన పేరు కొట్టింది. వరస దగ్గర ఏది ముందుంటే అది నొక్కింది. నొక్కాక చూసింది... అమ్మ.

లెక్క సున్నా అయింది. వీధి తలుపు టక్కున తాళం పడింది. ఆమె ఫోన్ ఒక్కటి అందుకుని, సంచీ కూడా మర్చిపోయి పరిగెత్తి, లోపలి గడియ తిప్పి వానలోకొచ్చి పడింది.

దారిలోనే పెద్దావిడ ఫోన్. "లెక్క సరిపోయిందమ్మా, ఇప్పుడే చూశాను. ఇంతకీ తప్పెక్కడుంది?"

"ఒక డబ్బా ఖాళీగా ఉండిపోయిందండీ," అంది డాక్టరమ్మ.

ఇల్లు చేరేసరికి మొగుడు వంటింట్లో ఉన్నాడు. "ఎంత బతిమాలినా ఒక్క ముద్ద తినలేదు. పొద్దున నువ్వెళ్ళిన దగ్గర్నించీ మంచం దిగలేదు," అన్నాడు.

ఆమె తడిబట్టలతోనే గది తలుపు తోసింది. దీపం చిన్నగా వెలుగుతోంది. పాప మంచం మీద ఓ అంచున, గోడ వైపు ఒదిగి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన ఖాళీగా ఉన్న చోట దుప్పటి మీద మెల్లగా జోకొడుతోంది.

డాక్టరమ్మ అడుగు ముందుకు వేసింది. పాప నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా అమ్మా. ఇది ఇప్పుడే పడుకుంది."

ఆ తర్వాత తల్లి మొహం వైపు కాక, ఆమె నడుం పక్కనుంచి గుమ్మంలోకి చూసింది.

"ఇవాళ నీతో వచ్చినదాన్ని కూడా మెల్లగా రమ్మను."

మంచం మీద, పాప చెయ్యి తీసేసిన చోట, దుప్పటి లేచి పడుతూనే ఉంది.