రైలును దాటిన బండి

"రీగెల్ ఇంజన్ డ్రాయింగులు రేపు ఉదయం ఏడింటి రైల్లో దేశం దాటబోతున్నాయి," అన్నాడు కెప్టెన్ రూట్‌హార్ట్. "ప్లోఖింగెన్ స్టేషన్‌లో చేతులు మారతాయి. కోడ్: 'ఈ ఏడు ద్రాక్ష పులుపు.' తీసుకెళ్ళేది 'కోకిల' అనే మారుపేరున్న గూఢచారి. మనకూ ఉత్తరాలు రాస్తుంది, అవతలి దేశం వాళ్ళకూ రాస్తుంది. మొహం ఎవరూ చూడలేదు."

ఏజెంట్ ఎమిల్ తలూపాడు. పెట్రోలు ఇంజన్ కనిపెట్టిన రీగెల్ షెడ్డులో ఆంటోన్ అనే దొంగపేరుతో ఫిట్టర్‌గా ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాడతను. రీగెల్ కూతురు లియోనీతో వచ్చే నెలే పెళ్ళి.

మర్నాడు ఎస్లింగెన్ స్టేషన్‌లో పోర్టర్ వేషంలో నిలబడ్డాడు. రైలు కదిలాక ఒక కిటికీలో నల్ల ముసుగు తొలగింది. లియోనీ. ఒడిలో డ్రాయింగులు పెట్టే తోలు గొట్టం.

ఎమిల్ స్టేషన్ వెనకున్న రీగెల్ షెడ్డుకు పరిగెత్తాడు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉంది: రెండు చక్రాల మీద ఇంజన్. మందుల షాపులో కొని ఉంచిన పెట్రోలు పోసి, సీటు కింద ఇంజన్ బర్నర్ వెలిగించి, ఎక్కాడు. రైలు మధ్యలో రెండుచోట్ల ఆగింది. బండి ఎక్కడా ఆగలేదు. చివరి మైలులో సీటుకు నిప్పంటుకుంది. ప్లోఖింగెన్ గేటు ముందు దాన్ని మండుతుండగానే వదిలేశాడు.

"ఈ ఏడు ద్రాక్ష పులుపు," అంటున్నాడు పాస్టర్ దుస్తుల్లోని ఆగంతకుడు. లియోనీ గొట్టం అందిస్తోంది. రెండు చేతుల మధ్యనుంచి ఎమిల్ దాన్ని లాక్కున్నాడు. అతని కేక విని స్టేషన్ పోలీసులు ఆగంతకుణ్ణి పట్టుకున్నారు.

"ఊళ్ళో అందరూ నాన్నని పిచ్చోడంటారు," అంది లియోనీ. "ఇవి ఇస్తే వాళ్ళు నాన్నకి ఫ్యాక్టరీ కట్టిస్తామన్నారు. నువ్వు పోలీసువా?"

"అలాంటివాణ్ణే."

"అసలు పేరు?"

"ఎమిల్."

"బాగుంది." ఆమె ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది ఆంటోన్‌కి ఇచ్చెయ్."

అతను చూడనట్టు కళ్ళు మూసుకుంటే ఆమె తప్పించుకునేది. మూసుకోలేదు; ఆమెనూ పోలీసులకు అప్పగించాడు. మిషన్ పూర్తయింది.

మధ్యాహ్నం గొట్టం తీసుకుని షెడ్డుకు వెళ్ళి, రీగెల్‌కు అంతా చెప్పాడు. ముసలాయన డ్రాయింగులు విప్పి చూడలేదు. బండి ఉండే ఖాళీ స్టాండు వైపు తిరిగాడు.

"రైలుని దాటిందా అబ్బాయ్, నా బండి?"

"దాటిందండీ. నాలుగు నిమిషాలు ముందే చేరాను."

రీగెల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కాస్త నెమ్మదిగా పోయేట్టు చేసుండాల్సింది," అన్నాడు.