కొమురవ్వ కొలత

పాత బస్టాండు వెనక మల్లేశమన్న ప్రింటింగ్ షాపులో మధ్యాహ్నం రెండింటికి పని మొదలుపెట్టాం. ఫోటో నాదే, లెక్కంతా నాదే. అడ్డం అరవై ఆరు అంగుళాలు, నిలువు నలభై నాలుగు. అంగుళానికి నూట ఇరవై ఐదు చుక్కలు. ఆరడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు అది చాలు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మా వాడకట్టు ముసలమ్మ కొమురవ్వ అచ్చంగా తన సైజులో కనిపించాలి. గుంట అంచు నుంచి నడినెత్తికి ఇరవై తొమ్మిది అంగుళాలు. ఐదింటికి వ్యాను హైదరాబాద్ వెళ్తుంది. గ్యాలరీలో పెద్ద గోడ నాకిచ్చారు. నా మొదటి ప్రదర్శన.

ఆ ఇరవై తొమ్మిది నేను దొంగతనంగా తీసుకున్న కొలత. టేపు చూడగానే ముసలమ్మ మండిపడింది.

"మగ్గం మీది బట్టనే కోసి దించేదాంక కొలవం. బతికున్న మనిషిని కొలుస్తవా? పాడె కడ్తవారా నాకు?"

ఆమె కునుకు తీసినప్పుడు కొలిచాను. ఆ తర్వాత తొమ్మిదో రోజు చనిపోయింది. వాడకట్టంతా నన్నే తిట్టింది. టేపుతో మనుషులు చచ్చేటట్టయితే ఊళ్లో టైలర్లంతా జైల్లో ఉండాలి. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మొదటి ప్రింటు బల్ల మీద పరిచి కొలిచాను. ముప్పై ఒకటి.

"సైజెందుకు మార్చినవన్నా?"

"నేనేం ముట్టలే. ఫైలిచ్చింది నువ్వే, లెక్కల పులివి నువ్వే."

కాగితం సరిగ్గానే ఉంది. మగ్గం సరిగ్గానే ఉంది. ఆమె ఒక్కతే రెండంగుళాలు పెరిగింది.

"మాటలొద్దు. మల్లొకటి తియ్యి."

రెండోది ముప్పై ఆరు. గుంటలో ఉండాల్సిన మోకాళ్లు పైకొచ్చాయి. నేత మీద ఉండాల్సిన చూపు నా మీద ఉంది. టేపు చూసిన రోజు చూసిన చూపే.

మల్లేశమన్న గొంతు తగ్గించాడు. "నాగేశ్, ఇది పంపకు. ఇంటికి పో."

"నాలుగైతుంది. గోడ ఖాళీగ పెట్టమంటవా?"

ఆయన్ని పక్కకు జరిపాను. నేనే బటన్ నొక్కాను.

మిషను అటూ ఇటూ తిరుగుతోంది. టక్... టక్... మగ్గం మీద నాడె విసిరినట్టు. ఇంకు వాసన పోయింది. గంజి వాసన. నూలుకు పట్టించే పచ్చి గంజి... నా వెనక నుంచి. సన్నగా ఏదో తగిలింది. నడినెత్తి నుంచి మెడ... వీపు... మడమ దాకా. నిదానంగా.

తిరగలేదు.

మూడో ప్రింటు బయటికొచ్చింది. మగ్గం ఉంది. సగం నేసిన బట్ట ఉంది. గుంట ఖాళీ.

"అన్నా... నా ఎనక ఎవరన్న ఉన్నరా?"

మల్లేశమన్న నా కాళ్ల దగ్గర నేల చూపించాడు. తెల్లటి నూలు పోగు. గంజితో ఇంకా తడిగా ఉంది. రెండు చివర్లా ముడి. తీసి టేపు పక్కన పెట్టాను. అరవై ఏడు అంగుళాలు.

నా ఎత్తు అరవై ఏడు.

కసితో ఆ ఖాళీ గుంటనే వ్యానెక్కించాను. ఆ పోగు దొరికి ఇవాళ ఎనిమిదో రోజు. పొద్దున్నే గ్యాలరీ నుంచి ఫోన్.

"ప్రింటు మార్చారా నాగేశ్ గారూ? మగ్గం గుంటలో అచ్చం మీలాగే ఉన్న కుర్రాడు కూర్చున్నాడు. నిన్న లేడు."

దాన్ని ఎవరూ కొలవకండి అన్నాను.

అప్పటికే కొలిచారట.