మూడో గోదాం మెయిల్ ఐడీ

చదవని మెయిల్స్ నాలుగు వేలు పెట్టుకుని హాయిగా చాయ్ తాగే మనుషులంటే నాకు ఒళ్లు మంట. ఆర్మూర్‌లో పెర్కిట్ వైపు ఉన్న మా పసుపు కంపెనీలో నేను ఆఫీస్ మేనేజర్‌గా చేరేసరికి అందరూ అలాంటివాళ్లే. లారీ వచ్చి గేటు ముందు హారన్ కొడితే గానీ, లారీ వస్తుందన్న మెయిల్ ఎవరూ తెరిచేవాళ్లు కాదు.

ఒక్కో అలవాటే నేర్పాను. రెండు నిమిషాల్లో అయిపోయే జవాబు అప్పుడే ఇచ్చేయాలి. కొనేవాళ్ల మెయిల్స్‌కు ఒక రంగు లేబుల్, లారీల వాళ్లకు ఇంకో రంగు. ప్రకటనలు వాటంతటవే పక్కకు పోయేలా ఫిల్టర్. పొద్దున ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి ఇన్‌బాక్స్ చూస్తే చాలు, మిగతాది క్యాలెండర్ చూసుకుంటుంది. మా తమ్ముడు రంజిత్ కూడా అక్కడే స్టాక్ చూసేవాడు. వాడు చచ్చినా మెయిల్ తెరవడు. అందుకని వాడికొచ్చే ప్రతి క్యాలెండర్ ఇన్విటేషన్‌కూ దానంతటదే 'వస్తాను' అని జవాబు పోయేలా పెట్టాను. పది నిమిషాల ముందు ఒకసారి, సరిగ్గా ఆ టైముకు ఇంకోసారి ఫోన్ మోగుతుంది, వాడు లేచి పోతాడు. అమ్మ మాట ఏనాడూ విననివాడు ఫోన్ మాట వింటున్నాడని ఇంట్లో నవ్వుకునేవాళ్లం.

అసలు గొడవంతా గోదాముల దగ్గర. పసుపుకు పురుగు పట్టకుండా బస్తాల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి, కింద మందు గోళీలు పెట్టి, తలుపు సందులకు టేపు అతికించి వారం పాటు మూసేస్తారు. ఆ వారంలో లోపలి గాలి పీల్చినవాడు బతకడు. ఒకసారి అలా మూసిన గోదాంకే ఎవరో లోడింగ్‌కు హమాలీలను పంపారు. మందు పెట్టే గులాం రసూల్ చాచా చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది.

ఆ రోజే నేను మూడు గోదాములకూ మెయిల్ ఐడీలు పెట్టాను. పెద్ద ఆఫీసుల్లో మీటింగ్ గదులకు పెడతారు కదా, అలాగే. గోదాం కావాలంటే దానికి ఇన్విటేషన్ పంపాలి. ఖాళీగా ఉంటే ఒప్పుకుంటుంది, మందు పెట్టి ఉంటే కుదరదంటుంది. జవాబివ్వడం ఒక్కటే దాని పని. తనంతట తను ఎవరినీ పిలిచే వీలు లేదు.

మా సేటు గంగాదాస్ ఇది విని కడుపు పట్టుకుని నవ్వాడు. "గోదాంకు గుడ నౌకరి ఇచ్చినవ్ సంధ్యమ్మా. ఇగ చూడు, గదే మనల్ని పిలుస్తది" అన్నాడు. నేనూ నవ్వాను.

మార్చిలో మూడో గోదాంకు మందు పెట్టారు. మర్నాడు భోజనం చేసి వచ్చి కూర్చుంటే, రంజిత్ క్యాలెండర్‌లో ఎప్పుడూ లేని గడి ఒకటి కనిపించింది. సాయంత్రం ఐదున్నర. చోటు, మూడో గోదాం. పిలిచినవారు, మూడో గోదాం. పని ఏమిటన్న చోట రెండే మాటలు... 'తలుపు తియ్యి'. కింద రంజిత్ పేరు పక్కన, నేను పెట్టిన పద్ధతి ప్రకారమే, 'వస్తాను' అని ఉంది.

మొదట కోపమే వచ్చింది. ఇలాంటి వాటితోనా వేళాకోళం అనుకుంటూ గోదాం ఖాతా తెరిచాను. దాని పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. పంపిన మెయిల్స్‌లో ఏమీ లేదు. నేను కాక ఇంకెవరైనా లోపలికి వచ్చిన జాడ కూడా లేదు. ఆ గడిని తీసేశాను. రెప్పపాటు పోయి... మళ్లీ వచ్చింది. ఈసారి రంజిత్ కింద మరో పేరు ఉంది. దేవన్న. అతను కూడా వస్తానన్నాడు.

మా కంపెనీలో దేవన్న అనే మనిషి లేడు. సేటు గదిలోకి వెళ్లి అడిగాను. ఎప్పుడూ నవ్వే ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. వాళ్ల నాన్న కాలంలో ధర్పల్లి నుంచి వచ్చిన దేవన్న అనే హమాలీ ఒకడు ఎండకు తాళలేక మూడో గోదాంలో బస్తాల వెనక పడుకున్నాడట. అది తెలియక మందు పెట్టి మూసేశారు. మనిషి కనబడకపోతే ఊరికి పోయాడనుకున్నారు. వారం తర్వాత తలుపు తీస్తే, తలుపుకు ఆనుకుని ఉన్నాడట.

"గప్పుడు కంప్యూటర్లు యాడియి బిడ్డా. దేవన్న చేతిల ఫోన్ గుడ లేకుండె" అన్నాడు సేటు. ఆ తర్వాత ఆయన నా ముఖం వైపు చూడలేదు.

రంజిత్ పొద్దుననగా పసుపు శాంపిల్స్ చూడడానికి అంకాపూర్ పోయాడు. ఫోన్ చేస్తే కలవడం లేదు. క్యాలెండర్‌లో వాడి పేరు మీద 'రాను' అని నొక్కాను. నొక్కినా 'వస్తాను' అనే ఉంది. మళ్లీ నొక్కాను. అదే. నేను ఇక్కడ ఏం మార్చినా వాడి ఫోన్‌లోకి ఎక్కిన రిమైండర్ ఆగదు. సిగ్నల్ లేకున్నా అది మోగుతుంది. మోగితే వాడు పోతాడు. అలా అలవాటు చేసింది నేనే.

ఐదు దాటాక గాలిదుమారం లేచింది. మబ్బు కమ్మి చూస్తుండగానే చీకటి పడింది, కరెంటు పోయింది. హమాలీలు అప్పటికే ఇళ్లకు పోయారు. మెట్లు దిగుతుంటే గోదాం రేకులు దడదడలాడుతున్నాయి. పసుపు దుమ్ము లేచి కళ్లలో పడుతోంది. ఆ దుమ్ములో ఇంకో వాసన... కుళ్లిన వెల్లుల్లి లాంటిది. మందు వాసన. టేపు సరిగ్గా ఉంటే అది బయటికి రాకూడదు.

మూడో గోదాం ముందు రంజిత్ బండి పడి ఉంది. ఇంజన్ ఇంకా తిరుగుతోంది.

వాడు తలుపు ముందు ఉన్నాడు. టేపు పైనుంచి సగం దాకా ఊడదీశాడు.

"రంజిత్... ఇటు రా."

"జర ఆగక్కా. లోపల మనిషి ఉన్నడు." వాడి గొంతు నిద్రలో మాట్లాడినట్టు ఉంది.

"ఎవ్వరు లేరు తమ్మీ. మందు పెట్టిండ్రు. ఇటు రా."

"నువ్వే గదా అక్కా పంపినవ్... తలుపు తియ్యమని."

కాలర్ పట్టుకుని లాగాను. కదలలేదు. అప్పుడే విన్నాను... లోపల, తలుపుకు ఆనుకుని, ఏదో గీరుతోంది. ఎలుక కాదు. గాలి కాదు. మిగిలిన టేపు మోకాలి ఎత్తున కొంచెం ఉబ్బింది. తగ్గింది. ఇంకొంచెం కింద ఉబ్బింది...

రంజిత్ చేతిలో ఫోన్ మోగింది. ఐదున్నర.

లోపల కూడా మోగింది.

వాడిని ఎలా లాక్కొచ్చానో నాకు గుర్తు లేదు. గేటు దగ్గర వానలో ఇద్దరం పడి ఉంటే గులాం రసూల్ చాచా లేపాడట. ఆయనే ముఖానికి మాస్కు కట్టుకుని వెళ్లి కొత్త టేపు అతికించి వచ్చాడు.

గడువు అయ్యాక తలుపు తీశారు. లోపల దుమ్ములో అడుగు పడిన గుర్తు లేదు. చాచా టేపు లాగి ఉండ చుట్టబోతూ ఆగి, పాత టేపు ముక్కను నాకు చూపించాడు. తలుపు సందు మీద ఉన్న జిగట వైపంతా పసుపు రంగు వేలిముద్రలు. వరుసగా, నేల దాకా.

గోదాముల ఐడీలన్నీ తీసేశాను. ఇద్దరం ఉద్యోగం మానేశాం. ఇప్పుడు బాల్కొండలో మా ఇంటి దగ్గరే ఉంటూ మక్కజొన్న చేను చూసుకుంటున్నాం. రంజిత్ ఫోన్ నేనే బావిలో పడేశాను, మళ్లీ కొనలేదు. వాడు బాగానే ఉన్నాడు. తింటాడు, నవ్వుతాడు. సాయంత్రం మాత్రం చేస్తున్న పని వదిలేసి ఆర్మూర్ వైపు తిరిగి, "పది నిమిషాలున్నది అక్కా" అంటాడు. లోపలికి పోయి గడియారం చూస్తే ఐదూ ఇరవై. ఐదున్నర దాటేదాకా వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంటాను. తర్వాత వాడు ఏమీ ఎరగనట్టు లేచి పనికి పోతాడు.

నిన్న కూడా అలాగే చెయ్యి పట్టుకోబోయాను. వాడు ఆర్మూర్ వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"పది నిమిషాలున్నది అక్కా... నీ పేరు గుడ చేర్చిండు" అన్నాడు మెల్లగా.

వాడి చేతినే చూస్తున్నాను. ఈ ఏడు మేము పసుపు వేయలేదు, ఇంట్లో వంట నేనే చేస్తాను. వాడి అయిదు వేళ్ల కొసలూ పసుప్పచ్చగా ఉన్నాయి.