కండరానికి లెక్కలు రావు

ఏడో నంబర్ బస్సు వచ్చి ఆగింది. స్కూలు పిల్లలంతా తోసుకుంటూ ఎక్కేశారు. టపాకాయ్ మాత్రం మెట్టు మీద ఒక కాలు పెట్టి డ్రైవర్ సీటు వైపు చూసింది.

అమ్మ కాదు. కళ్ళద్దాల డ్రైవరే.

అమ్మ కాదని ఆ పిల్లకు తెలుసు. పొద్దున తనే అమ్మ మంచం పక్కన మంచినీళ్ళు పెట్టి వచ్చింది. అయినా రోజూ చూస్తుంది. తెలిసినంత మాత్రాన కళ్ళు ఊరుకుంటాయా?

టపాకాయ్ అంటే అసలు పేరు కాదులెండి. పదేళ్ళ ఆ పిల్ల నోరు తెరిస్తే మాటలు ఒకదాని మీద ఒకటి పడి పటపటా పేలుతుంటాయి. అందుకని అమ్మ పెట్టిన పేరు. మాటలే కాదు, అన్నం తినడం, హోంవర్క్ రాయడం, మెట్లు దిగడం, అన్నీ పరుగే. "నిన్ను ఎవరు తరుముతున్నారే?" అని నాన్న రోజుకు పదిసార్లు అడుగుతాడు. జవాబు వినేలోపు అది వీధిలో ఉంటుంది.

టపాకాయ్ వాళ్ళమ్మ ఏడో నంబర్ బస్సు డ్రైవర్. మూడేళ్ళుగా సాయంత్రం స్కూలు వదలగానే ఆ బస్సే ఎక్కి, డ్రైవర్ వెనక సీట్లో కూర్చునేది టపాకాయ్. పైన అద్దంలో అమ్మ కళ్ళు కనిపించేవి. ఎర్ర లైటు పడ్డప్పుడు అమ్మ కనుబొమలు ఎగరేసేది. చెప్పు, ఏంటి సంగతులు అని దానర్థం. ఇల్లు వచ్చేసరికి స్కూలు సంగతులన్నీ అయిపోయేవి.

ఇప్పుడు అదే సీటు, అదే అద్దం. అందులో ఎవరివో కళ్ళద్దాలు.

అమ్మ ఇంట్లోనే ఉందిగా, ఇంటికెళ్ళి చెప్పుకోవచ్చుగా అంటారేమో. చెప్పుకోవచ్చు. కానీ అంత పెద్ద బస్సును ఒంటి చేత్తో తిప్పుతూ తనకోసం కనుబొమలు ఎగరేసే అమ్మ వేరు. ఆ అమ్మ కోసం టపాకాయ్‌కి కడుపులో ఎక్కడో ఆకలి లాంటిది వేసేది. ఎంత తిన్నా అది తీరేది కాదు.

జరిగింది ఇదీ. డిపోలో బస్సులు కడిగే చోట నీళ్ళ మీద అమ్మ కాలు జారింది. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. ఆరు వారాలు తొడ దాకా కట్టు. కట్టు విప్పిన రోజున చూస్తే ఎడమ తొడ కుడి తొడలో సగమైపోయి ఉంది.

"ఇది నా కాలేనా? ఎవరిదో తెచ్చి తగిలించారా?" అంది అమ్మ. నవ్వించడానికే అంది కానీ తనే నవ్వలేదు.

వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. "ఎముక అతుక్కుంది. ఇక పని కండరానిది. ఆరు వారాలు పని లేకపోయేసరికి చిక్కిపోయింది. మన ఒళ్ళు మహా పిసినారి. వాడని కండరానికి తిండి దండగ అనుకుంటుంది."

తర్వాత అమ్మ తొడ మీద తట్టి చూపించారు. "క్లచ్ తొక్కేది ముఖ్యంగా ఇదే. నాలుగు పాయలు కలిసిన పెద్ద కండరం. పాయ నిండా వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు, ఒక్కో పోగులో ఇంకా సన్నటి పోచలు. మెదడు నుంచి నరం కబురు తెస్తే ఆ పోచలు ఇలా జరుగుతాయి." ఆవిడ టపాకాయ్ వైపు తిరిగి, రెండు చేతుల వేళ్ళూ ఎదురెదురుగా పెట్టి, ఒకదాని సందుల్లోకి ఒకటి జార్చారు. "చూశావా? వేళ్ళు పొట్టివి కాలేదు. చేతులు దగ్గరయ్యాయి. అంతే, కండరం పొట్టిదై ఎముకను లాగుతుంది. లాగడం తప్ప దానికి ఇంకేం చేతకాదు."

"తొయ్యలేదా? మరి క్లచ్‌ని తోస్తారు కదా? తోస్తేనే కదా లోపలికెళ్ళేది?" టపాకాయ్ పేలింది.

"తోసేది పాదం. మోకాలు చాపడానికి ఈ ముందు కండరం లాగుతుంది. అది లాగుతుంటే వెనక కండరం వదులవ్వాలి. మడిచేటప్పుడు వెనకది లాగుతుంది, ముందుది వదులవుతుంది. తోడికోడళ్ళు వంతులేసుకున్నట్టు."

అమ్మ నవ్వింది. తర్వాత, చెప్పాలనుకున్నదే చెప్పింది. "డిపో వాళ్ళు ఆరు వారాలు గడువిచ్చారు. ఆలోగా బస్సు నడపొచ్చని మీరు రాసివ్వకపోతే ఏడో నంబర్‌ని ఇప్పుడు నడుపుతున్న ఆయనకే ఖాయం చేసి, నన్ను టికెట్ల కిటికీలో కూర్చోబెడతారట. కూర్చునే పనే కదమ్మా అన్నారు. డ్రైవింగ్ కూడా కూర్చునే పనే కదా సార్ అన్నాను."

"చీలమండకు ఇసుక సంచి కట్టుకుని కాలు చాపి పట్టాలి. ఆరు లెక్కపెట్టేదాకా పట్టండి ముందు. రోజూ కాస్త పెంచుదాం. ముప్పై దాకా పట్టిన రోజు రండి, చూసి రాసిస్తాను," అన్నారు డాక్టరమ్మ. "కానీ రోజంతా చేయకండి. పని చేసినప్పుడు పోగులు అలుస్తాయి. విశ్రాంతిలో ఒళ్ళు వాటిని బాగుచేసి ఇంకాస్త లావు చేస్తుంది. దాన్ని తొందరపెట్టలేం."

ఈ చివరి ముక్క విన్నారుగా? టపాకాయ్ వినలేదు. దాని చెవిలో ముప్పై అన్న అంకె ఒక్కటే పడింది.

లెక్కపెట్టే పని తనే తీసుకుంది. బీరువా తలుపుకి కాగితం అంటించి రోజూ అంకె రాసేది. మొదటి రోజు ఆరు. రెండో రోజూ ఆరే. మూడో రోజు ఏడు.

నాలుగో రోజు సాయంత్రం అమ్మ కాలు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది. నుదుటి మీద చెమట. కాలు గజగజా వణుకుతోంది. సరిగ్గా అప్పుడే కింద వీధిలో ఏడో నంబర్ బస్సు వెళ్ళింది. ఆ చప్పుడు వినగానే టపాకాయ్ గుండె దాని వెంట పరుగెత్తింది. గుండెతో పాటు అంకెలూ పరుగెత్తాయి.

"ఆరు, ఏడెనిమిది తొమ్మిది పది!"

అమ్మ కాలు దించి కళ్ళు తెరిచింది. "పదా? నిన్న ఏడేగా!" ఆమె ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయిందో ఆ వెలుగు చూసి! టపాకాయ్ చకచకా వెళ్ళి కాగితం మీద పది వేసింది.

అది అబద్ధమని దానికి తోచలేదు. ఒక్క అంకె అయినా వదిలేసిందా? లేదే! అన్నీ వరసగా చెప్పింది. కాస్త తొందరగా చెప్పిందంతే.

అయితే మర్నాడు పదకొండు కావాలి కదా. ఆ పై రోజు పదమూడు. ఒకసారి పరుగు మొదలుపెట్టిన అంకెలు ఇక ఆగలేదు. పద్దెనిమిదో రోజుకి కాగితం మీద ముప్పై పడింది.

"ముప్పై!" అంది అమ్మ. వంటింట్లోంచి నాన్న గరిట పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. అమ్మ డిపోకి ఫోన్ చేసి, సోమవారం డ్యూటీకి వస్తానని చెప్పేసింది. నాన్న యూనిఫాం ఇస్త్రీ చేశాడు, మడత మీద మడత పడకుండా.

సోమవారం పొద్దున అమ్మ యూనిఫాంలోనే డాక్టరమ్మ దగ్గరకు బయల్దేరింది. అటు నుంచి అటే డిపోకి. టపాకాయ్ స్కూలుకి సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది.

డాక్టరమ్మ ఇసుక సంచి కట్టి, స్టాప్‌వాచ్ తీశారు. "చాపండి."

అమ్మ కాలు చాపింది. గదిలో ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఆ నిశ్శబ్దంలో టపాకాయ్‌కి మొదటిసారి తెలిసింది, ఒక్క సెకను ఎంత పొడుగో. కాలు వణికింది. ఇంకా వణికింది. దభీమని కిందపడింది.

"పద్నాలుగు," అన్నారు డాక్టరమ్మ.

"కాదండీ, నేను ఇంట్లో ముప్పై పట్టాను! నిజంగా పట్టాను!"

"ఎవరు లెక్కపెట్టారు?"

టపాకాయ్ తేలు కుట్టిన దొంగలా బల్ల కింద తన బూట్లు చూసుకుంటోంది. డాక్టరమ్మ దాన్ని ఒక్క క్షణం చూశారు. తిట్టలేదు. "ఏం చేస్తాం, కండరానికి లెక్కలు రావు. ముప్పై అన్నా మూడొందలన్నా దానికి ఒకటే. ఎంతసేపు లాగిందో అంత బలం. ఇంకా మూడున్నర వారాలు ఉన్నాయి. వెళ్ళి చేయండి."

తిరుగు దారిలో ఏడో నంబరే వచ్చింది. ఎక్కగానే ఒక ముసలాయన, "మళ్ళీ డ్యూటీలోకి వచ్చేశావా తల్లీ?" అని సంబరంగా అడిగాడు. "ఇంకా లేదండీ," అని అమ్మ నవ్వి, వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.

కళ్ళద్దాల డ్రైవర్ గేరు మార్చాడు. అమ్మ ఎడమ పాదం నేలను నొక్కింది. ఆయన మళ్ళీ మార్చాడు. అమ్మ పాదం మళ్ళీ నొక్కింది. క్లచ్ లేని చోట, ఖాళీ నేల మీద. తను నొక్కుతున్నట్టు ఆమెకే తెలియదు. కిటికీలోంచి బయటకు చూస్తోంది.

టపాకాయ్ అది చూసింది. ఇక దాని వల్ల కాలేదు.

"అమ్మా, నేనే. నేనే తొందరగా లెక్కపెట్టాను. ముప్పై వచ్చేస్తే నువ్వు బస్సులోకి వచ్చేస్తావని. నాకు నువ్వు ఇక్కడ కావాలమ్మా." ఇంకా ఏదో చెప్పబోయి వెక్కిళ్ళు పెట్టింది.

నేలను నొక్కుతున్న అమ్మ పాదం ఆగింది. కిటికీ వైపు నుంచి కూతురి వైపు తిరిగింది.

"నీ మీద కోపం వచ్చిందే," అంది. "బాగానే వచ్చింది. యూనిఫాం కూడా వేసుకొచ్చాను చూడు." యూనిఫాం గుండీ సవరించుకుని మళ్ళీ అంది. "కానీ నీ అంకెలు పరుగెడుతున్నాయని నాకూ అనుమానం వచ్చింది. అడగలేదు. నాకూ ముప్పై కావాలిగా."

ఇంటికి రాగానే టపాకాయ్ బీరువా దగ్గరకు వెళ్ళింది. ముప్పైని కొట్టేసి, పక్కన పద్నాలుగు అని రాసింది. వంటింటి గోడ గడియారం దింపి, అమ్మ కుర్చీకి ఎదురుగా పెట్టింది.

ఆ రోజు నుంచి సెకన్ల ముల్లు ఒక్కో గీత దాటితేనే ఒక్కో అంకె. "మన టపాకాయ్ నిదానంగా పేలడం కూడా చూశానురా దేవుడా!" అన్నాడు నాన్న. నవ్వులాట కాదు, దానికది ఎంత కష్టమో! నోట్లో అంకె సిద్ధంగా ఉండేది, ముల్లు కదిలేది కాదు. అమ్మ పంటి బిగువున బాధ ఓర్చుకుంటుంటే, చాలు దించెయ్ అనాలనిపించేది. వారం గడిచినా పందొమ్మిదే. ఒకరోజు ఇరవై రెండు పట్టి మర్నాడు ఇరవైకి పడిపోయింది. టపాకాయ్ ఇరవై అనే రాసింది.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. గడువు ఇంకో వారం ఉంది. సాయంత్రం అమ్మ కుర్చీలో కూర్చుని, సంచి కట్టుకుని కాలు చాపింది. ఎడమ తొడ మీద కండరం గట్టిపడి, అంచు తేలి కనిపించింది. కట్టు విప్పిన రోజున అక్కడ చర్మం తప్ప ఏమీ లేదు.

ఇరవై. ఇరవై ఒకటి. కాలు వణకడం మొదలైంది. ఇరవై నాలుగు. చెమట అమ్మ చెంప మీదకు జారింది. కాలు ఒక బెత్తెడు కిందకు దిగి, మళ్ళీ లేచింది. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

"అయిపోయిందా?" అంది అమ్మ కళ్ళు మూసుకునే. "ముప్పై అయింది కదూ? అయిందని చెప్పవే తల్లీ."

టపాకాయ్ గొంతు దాకా వచ్చింది ఆ మాట. ఒక్కమాట అంటే అమ్మ ముఖం వెలుగుతుంది. ఒక్కమాట అంటే ఈ వణుకు ఆగుతుంది. అనాలని ఎంత ఉందో చెప్పలేను.

"లేదమ్మా," అంది. "ఇరవై ఏడే. ఇంకా మూడున్నాయి."

దిగిపోబోతున్న కాలు ఆగింది. అమ్మ కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంది.

"ఇరవై ఎనిమిది."

ఏడుపొస్తోంది టపాకాయ్‌కి. అయినా కళ్ళు ముల్లు మీదే ఉంచింది.

"ఇరవై తొమ్మిది."

ముల్లు ఇంకో గీత దాటాలి. టపాకాయ్ నోరు మూసుకుని, అది పూర్తిగా దాటేదాకా ఆగింది.

"ముప్పై."