సంధ్య పేరు మీద

గద్వాల కోటకు అవతలి సందులో ఉన్న ఆ చిన్న దవాఖానకు కంప్యూటర్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. డాక్టర్ అనిల్ ఆ రోజు కొత్త పెళ్ళికొడుకు లెక్క మురిసిపోతూ వచ్చిన ప్రతి రోగికీ దాన్ని చూపించాడు. "ఇగ మీ కార్డులు గిట్ల మోసుకొచ్చే పనే లేదు, అన్నీ దీన్లనే ఉంటయి" అన్నాడు. జ్వరంతో వణుకుతున్నవాళ్ళు కూడా లేచి వచ్చి చూసి పోయారు. ఇది రెండువేల ఏడు నాటి ముచ్చట.

దాని ముందు కూర్చునే పని నర్సు సంధ్యకు పడింది. సంధ్యది గోపాల్‌పేట, మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. వనపర్తిలో నర్సు చదువు కాగానే డాక్టర్ అనిల్ పిలిచి పని ఇచ్చాడు. ఆ కృతజ్ఞతతో ఆమె ఆయన గీసిన గీత దాటేది కాదు. దవాఖానలో పనిచేసే ముగ్గురిలో టైపింగ్ వచ్చింది ఆమె ఒక్కతికే. కంపౌండర్ కురుమూర్తి ఒక్కో అక్షరం కోసం మీటల మీద వేలు పెట్టి దేవులాడేవాడు. డాక్టరుకు కొత్తది కొనే ఉత్సాహమే తప్ప నేర్చుకునే ఓపిక లేదు. అందుకే పొద్దున్నే సంధ్య తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టి తెరిచిపెడితే, సాయంత్రం దాకా ముగ్గురూ దాని మీదే కానిచ్చేవారు. సూది ఎవరు వేసినా, మందు ఎవరు ఇచ్చినా కంప్యూటర్ మటుకు "సంధ్య" అనే రాసుకునేది.

"దవాఖాన మొత్తం నువ్వే నడుపుతున్నవ్ చెల్లె, మేమంతా ఉత్తగనే ఉన్నం" అని కురుమూర్తి ఆటపట్టిస్తే ఆమె కూడా నవ్వింది. నవ్వదా మరి? సొంత అన్న కన్నా ఎక్కువ చూసుకునేది అతన్ని.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. పాత కార్డుల కాలంలో అక్కడొక పద్ధతి ఉండేది. పెన్సిలిన్ సూది పడని మనుషుల కార్డుకు మూలన బెజ్జం చేసి ఎర్ర దారం కట్టేవారు. ఎంత హడావుడిలో ఉన్నా, ఎవరు కార్డు తీసినా, ముందు దారమే చేతికి తగిలేది. కంప్యూటర్‌లో ఆ దారం కట్టే చోటు లేదు. హైదరాబాద్ నుంచి వచ్చి బిగించినవాళ్ళు అదేదో తర్వాత పెడతామని చెప్పి బస్సెక్కారు.

"సార్, అది పెట్టేదాంక పాత కార్డులు గూడ ముంగట ఉంచుకుందం" అని సంధ్య బతిమాలింది.

"రెండు పనులెందుకు సంధ్యా? పాతదాన్ని పట్టుకోని ఎన్నొద్దులు ఏలాడుతం?" అని డాక్టర్ కార్డులన్నీ మూట కట్టించి అటక ఎక్కించాడు.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం సంధ్య అన్నానికి పోయిన వేళ, మగ్గాల వాడ నుంచి జమ్ములమ్మ అనే సాలె ఆడమనిషి కాలి పుండుతో వచ్చింది. సంధ్య తిరిగొచ్చేసరికి ఆమె వరండా బెంచీ మీద ఒరిగిపోయి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. మొహం ఉబ్బి గుర్తుపట్టరాకుండా ఉంది. గాలి కోసం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. లోపల డాక్టర్ చేతిలో ఖాళీ సిరంజి, కురుమూర్తి మొహాన చెమట... జమ్ములమ్మ కార్డుకున్న ఎర్ర దారం గుర్తొచ్చింది, సంధ్యకు వేరే ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

మర్నాడు సాలె పెద్దమనుషులు వచ్చి నిలదీశారు. డాక్టర్ మెల్లగా కంప్యూటర్ తెరను వాళ్ళ వైపు తిప్పాడు. సూది వేసినవారు అన్నచోట సంధ్య పేరు ఉంది.

"అన్నా, నువ్వు చెప్పు. నేను ఆ యాళ్ళకు ఈడ ఉన్ననా?" అని సంధ్య కురుమూర్తిని అడిగింది. కురుమూర్తి నేల చూపులు చూశాడు. "నాకు తెల్వదు" అన్నాడు.

అప్పుడు డాక్టర్ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "చిన్నపిల్ల, పొరపాటైంది. నా మొఖం జూసి ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. వాళ్ళు ఏడ్చుకుంటూ, తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. చెయ్యని తప్పుకు అందరి ముందూ క్షమాపణ దొరికిందామెకు! అయినా పని మానలేదు. మానితే ఒప్పుకున్నట్టేనని పంతం పట్టింది. పోయిన పేరు ఇక్కడే తెచ్చుకోవాలనుకుంది.

ఆ తర్వాత డాక్టర్ ఆమెతో మరీ మెత్తగా మాట్లాడసాగాడు. తాళంచెవులు ఆమెకే ఇచ్చాడు. పొద్దుమూకక ముందే, "సంధ్యా, జర ఉండి నువ్వే బంద్ చెయ్యి" అని స్కూటరెక్కి పోయేవాడు. ఆయన వెనకే కురుమూర్తీ పోయేవాడు. తన మొహం చూడలేక తప్పించుకుంటున్నారని అనుకుంది సంధ్య.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రోగులంతా తొందరగా వెళ్ళిపోయారు. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ పెట్టె కుయ్... కుయ్... మని మూలగడం మొదలుపెట్టింది. గదిలో తెర వెలుగు తప్ప ఇంకేమీ లేదు. బయట రేకుల మీద వాన చప్పుడు. డెట్టాల్ వాసన, తడి గోడల వాసన. సంధ్య దాన్ని ఆపేసి ఇంటికి పోదామని లేచింది.

వరండాలో బెంచీ కిర్రుమంది.

"దవాఖాన బందైందమ్మా, రేపు రా" అంది సంధ్య.

అక్కడ ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. కష్టంగా, పిల్లంగోవిలా సన్నగా కూస్తూ తీసుకుంటున్నారు. డెట్టాల్ వాసనను తోసుకుంటూ పులిసిన గంజి వాసన లోపలికి వచ్చింది. నూలుకు పట్టించే గంజి. మగ్గాల వాడలో ఏ ఇంటి ముందు నిలబడ్డా వచ్చే వాసనే అది.

సంధ్య ఒక అడుగు వెనక్కి వేసింది.

"సంధ్య అంటే... నువ్వేనా బిడ్డా?"

గొంతు వరండాలోంచి రాలేదు. గుమ్మంలోంచి వచ్చింది. అక్కడ చీకటి మిగతా చీకటి కన్నా చిక్కగా, మనిషి ఎత్తున ఉంది.

"నేనే..." అంది సంధ్య. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"సూది నాకు పడదని చెప్పిన. కంప్యూటర్ల లేదు గదమ్మా అన్నరు. గా మాట యాదికుంది. నొప్పి యాదికుంది... మొఖమే యాదికి లేదు. సచ్చినోళ్ళకు మొఖాలు ఉండయి బిడ్డా. పేర్లే ఉంటయి. గందుకే అడుక్కుంట తిరుగుతున్న."

"నేను కాదమ్మా... నేను అన్నానికి పోయిన. సారే ఏసిండు."

ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా దగ్గరగా.

"సారును ముందే అడిగిన. సంధ్య అనిండు. కంపౌండర్ను అడిగిన. పిల్లల మీద ఒట్టేసి సంధ్య అనిండు. రోజూ పొద్దుమూకితె ఒక్కతే ఉంటది... పో అని, యాళ గూడ చెప్పిండు."

సంధ్యకు భయం కన్నా ముందు ఏడుపు వచ్చింది. తాళంచెవులు... మెత్తటి మాటలు... జర ఉండి బంద్ చెయ్యి... నమ్మిన మనుషులు తనను బతికున్నవాళ్ళ ముందే కాదు, చచ్చినదాని ముందు కూడా నిలబెట్టి పోయారు. రోజూ. తెలిసే.

"అబద్ధమమ్మా... ఇద్దరిదీ అబద్ధమే..."

"నీ దిక్కు ఎవరున్నరు బిడ్డా, చెప్పనీకె?"

ఎవరున్నారు? ఎవరూ లేరు. వెనక తెర మీద కూడా తన పేరే వెలుగుతోంది.

గంజి వాసన మొహం మీదికి వచ్చింది. ఏదో చల్లగా, తడిగా ఆమె మణికట్టును తడిమింది.

"ఎడమ చెయ్యి... ఇటియ్యి. నాకూ గా చేతికే గుచ్చిండ్రు."

సంధ్య చెయ్యి లాక్కుంది. గుండెకు అదుముకుంది. ఇవ్వను... ఇవ్వను... ఇవ్వను...

కరెంటు వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. తాళం కూడా వెయ్యకుండా సంధ్య ఆ వానలోనే పరుగెత్తింది.

తెల్లవారి ఎండ బాగా కాసింది. వరండా నిండా రోగులు. దగ్గులు, పిల్లల ఏడుపులు, బస్టాండు నుంచి హారన్లు. సంధ్య నేరుగా డాక్టర్ గదిలోకి పోయి, గుమ్మానికి వేలాడే పరదా వేసింది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటే బయటికి వచ్చింది.

"సార్... నిన్న ఆమె నా దగ్గరికి వచ్చింది."

ఎవరు అని ఆయన అడగలేదు. పెన్ను కింద పెట్టి, పరదా వైపు ఒకసారి చూసి, గుసగుసగా అడిగాడు.

"ఏ చెయ్యి అడిగింది?"

"ఎడమది."

"ఇచ్చినవా?"

"ఇయ్యలే."

డాక్టర్ అనిల్ మొహం వాడిపోయింది. ఆ రోజు నెత్తి మీద చెయ్యి పెట్టినప్పటి గొంతుతోనే, అంతే మెత్తగా అన్నాడు.

"ఇచ్చేస్తే అయిపోతుండె గద సంధ్యా... నేనే ఏసిన, నిజమే. గానీ నాకు పిల్లలున్నరు. నువ్వు ఒక్కసారి ఇస్తే ఇగ ఆమె నా దిక్కు రాదు."

సంధ్యకు ఆయనను కొట్టాలనిపించింది. చేతకాక నిలబడిపోయింది. ఆయన ఒప్పుకున్న మాట పరదా దాటిందేమో, వరండాలో దగ్గులు ఆగిపోయాయి. పిల్లలు ఏడుపు ఆపారు. పులిసిన గంజి వాసన వచ్చింది. పరదా సందులోంచి చూస్తే, బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి, ఎవరికో దారి ఇస్తున్నట్టు రెండు పక్కలకూ జరిగారు. ఎందుకు లేచారో వాళ్ళకూ తెలిసినట్టు లేదు. ముందు నిలబడ్డ ముసలాయన తన పక్కనుంచి పోయే ఎవరితోనో, "పో బిడ్డా, ముందు నువ్వే పో" అన్నాడు.