సాక్ష్యంలో మందు పేరు

గొంతునొప్పికి డాక్టరు రాసిన క్యాప్సూల్ మింగి, సాయిశంకర్ మంచం మీద కూర్చున్నాడు. ముందు అరచేతులు దురద పెట్టాయి. తర్వాత పెదవులు ఉబ్బాయి. ఒంటినిండా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయింది. అంబులెన్స్ వీధి మలుపు తిరిగేసరికి అతనికి ఊపిరి లేదు.

అతను యుద్ధనౌకల సోనార్ ఇంజనీరు. మందు పడక పోయాడని డాక్టరు రాశాడు. పోలీసులూ అదే రాసుకున్నారు.

మర్నాడు సింహాచలం మెట్ల దగ్గర మెడికల్ రిప్రజెంటేటివ్ ఒకడు, టై కట్టుకుని, నల్ల బ్యాగుతో పూలకొట్టు ముందు ఆగాడు.

"సంపెంగలు తాజావేనా?"

"స్వామి పూలు వాడిపోవు."

కోడ్ సరిపోయింది. పూలమ్మే మనిషి తలెత్తాడు. నుదుట నామం, మెడలో తువ్వాలు. సెక్షన్ చీఫ్ చలమయ్య. టై కట్టుకున్నవాడు ఏజెంట్ బెన్సన్.

"ఇతను మూడోవాడు," అన్నాడు చీఫ్ దండ కడుతూ. "ముగ్గురూ దేశానికి కావలసినవాళ్లు. ముగ్గురికీ పెన్సిలిన్ పడదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు."

"తెలిసి ఎందుకు మింగారు సార్?"

"స్ట్రిప్ మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. విదేశంలో తయారైన నకిలీ. మనం వెంటాడుతున్న హెరాన్ ముఠా పని. కానీ ఎవరికి ఏ మందు పడదో వాళ్లకెలా తెలుస్తోంది? ముగ్గురివీ మూడు ఆస్పత్రులు. ఎక్కడా హ్యాకింగ్ లేదు."

పూలపొట్లంలో ఒక లావుపాటి పెన్ను పెట్టి ఇచ్చాడు. "ఎడ్రినలిన్. తొడకి ఆనించి గట్టిగా నొక్కు, ప్యాంటులోంచే దిగుతుంది. ఒక్క డోసే."

"రెండోది?"

"ఇండెంట్ పెట్టాను. శాంక్షన్ రావాలి."

సాయిశంకర్ తల్లి జోగమ్మది ఎలమంచిలి దగ్గర పల్లె; సీతమ్మధారలో కొడుకు దగ్గరే ఉంటోంది. కొడుకు చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. కొడుక్కి మందు పడదని ఎవరికైనా చెప్పారా అని బెన్సన్ అడిగాడు.

"ఎవులికి సెప్తాం బాబూ? సిన్నప్పుడు సూదిమందుకే సచ్చి బతికినాడు. మొన్నామధ్య పక్కింటావిడ పిలిత్తే బుధవారం ప్రార్థనకి ఎల్లినాను. అందరూ లేసి సాచ్చికాలు సెప్తన్నారు. నానూ లేసి సెప్పినాను. ఆ మందు పేరేటమ్మా అని అడిగితే అదీ సెప్పినాను. సప్పట్లు కొట్టినారు."

బెన్సన్ నల్ల బ్యాగు మూసి లేచాడు.

"దేవుడు సేసిన మేలు సెప్పుకోడం తప్పేటి బాబూ?"

బెన్సన్ దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. బుధవారం ప్రార్థన జరిగేది సీతమ్మధారలో, అతని సొంత అక్క జయమణి ఇంట్లో. పోయిన నెల అదే హాల్లో బావ ఆనందకుమార్ లేచి, పళ్ల డాక్టరు ఇచ్చిన పెన్సిలిన్ ఇంజెక్షన్ నుంచి ప్రభువు తనని ఎలా లేపాడో కన్నీళ్లతో చెప్పాడు. బావ పోర్టులో హార్బర్ పైలట్. సముద్రంలోంచి వచ్చే ఓడలని చానల్లోంచి లోపలికి నడిపించేది అతనే. మందు పేరు అడిగింది ఎవరో బెన్సన్‌కి గుర్తొచ్చింది. పట్టుచీర, ఖరీదైన సెంటు, మైకు అక్కర్లేని గొంతు. పాటలు పాడే ఎవాంజలిన్.

మర్నాడు పొద్దున్నే ఆమె కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పేర్లు నువ్వే ఇచ్చావు."

"ఇచ్చాను. మీ చీఫ్‌కీ ముఠా కబుర్లు ఇస్తున్నాను, అడిగి చూడు." ఆమె కళ్లజోడు తీసింది. "చంపుతారని నాకు చెప్పలేదు. ఇప్పుడు మీ బావ వంతు. మెడికల్ షాపు దొరబాబు అతని పంటినొప్పి మందు స్ట్రిప్ మార్చేశాడు. టిఫిన్ తర్వాత వేసుకోమన్నాడు."

"టిఫిన్..."

"ఓడ మీదే. గ్యాస్ ట్యాంకర్. ఇరుకు చానల్లో పైలట్ పడిపోతే చాలు, పోర్టూ ఊరూ రెండూ పోతాయి."

గ్యాస్ ట్యాంకర్ మీద సెల్‌ఫోన్ నిషేధం. వాకీటాకీ చానల్‌ని ముఠా జామ్ చేసింది. సారంగు అప్పలరాజు లాంచీ తీశాడు. ట్యాంకర్‌ని చూపిస్తానని ఎవాంజలిన్ కూడా ఎక్కింది.

సగం దూరంలో ఆమె మణికట్లు గోక్కోవడం మొదలుపెట్టింది.

"పొద్దున దొరబాబు టీ ఇచ్చాడు. అందులోనే కలిపాడు," అంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "నా సాక్ష్యం అబద్ధం కాదు బెన్సన్. నాకూ పడదు. నేను ముందు చెబితేనే మిగతావాళ్లు నోరు విప్పేవారు."

అతని జేబులోని పెన్ను కోసం చెయ్యి చాపింది.

లాంచీ ట్యాంకర్‌ని ఆనుకుంది. పైన హారన్ ఆగకుండా మోగుతోంది. ఓడ ముక్కు డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు వాలుతోంది. బెన్సన్ ఆ చేతిని చూశాడు. కొండని చూశాడు. పెన్ను జేబులోనే ఉంచుకుని తాళ్ల నిచ్చెన అందుకున్నాడు.

"అప్పలరాజూ! సిస్టర్ని జెట్టీకి తీసుకెళ్లు. ఫుల్ స్పీడ్!"

బ్రిడ్జి మీద ఆనందకుమార్ మోకాళ్ల మీద ఉన్నాడు. ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఇడ్లీ పొట్లం పక్కనే పడి ఉంది. కెప్టెన్ ఏదో అరుస్తున్నాడు. బెన్సన్ పెన్నుని బావ తొడకి గుచ్చి పట్టుకున్నాడు. కిటికీ నిండా కొండ రాళ్లే. ఒక్క శ్వాస ఈలలా లోపలికి వెళ్లింది. మరొకటి.

"హార్డ్... స్టార్‌బోర్డ్!"

ట్యాంకర్ ఒళ్లు విరుచుకున్నట్టు కుడికి తిరిగింది. రాళ్లు పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయాయి. ఊరు తన టిఫిన్ తాను తింటోంది.

"నువ్వేటి బెన్సన్ ఇక్కడ?" అన్నాడు ఆనందకుమార్. "నాను ప్రార్థన చేసుకున్నాను. ప్రభువే పంపాడు నిన్ను."

జెట్టీలో ఎవాంజలిన్ మీద టార్పాలిన్ కప్పి ఉంది.

"జెట్టీ కనపడతండగానే పోయింది బాబూ," అన్నాడు అప్పలరాజు. "పాట పాడదామని సూసింది. గొంతు రానేదు."

షట్టర్ దించుతున్న దొరబాబుని చలమయ్య మనుషులు పట్టుకున్నారు. ఆమెది ప్రమాదమని ఫైల్లో రాశారు. దేవుడు ఇద్దరిలో ఒకరిని ఎంచమని ఎందుకు అడుగుతాడో బెన్సన్ పాస్టరుగారిని అడగాలనుకున్నాడు. అడగలేదు.

బుధవారం జయమణి హాలు నిండిపోయింది. ఎవాంజలిన్ పేరు ఎవరూ ఎత్తలేదు. పాట శృతి కుదరలేదు. గోడవారగా జోగమ్మ, పైట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఇంట్లో బెన్సన్ ఎంత బతిమాలినా ఆనందకుమార్ వినలేదు. "చచ్చి బతికినోణ్ణి. దేవుడి మేలు దాచమంటావేటి బెన్సన్?" అని మైకు అందుకున్నాడు.

"ప్రియులారా! పెన్సిలిన్ నుంచి ప్రభువు నన్ను రెండుసార్లు లేపాడు! ఇప్పుడు ఇంకో మందు కూడా నాకు పడదని పెద్ద డాక్టరుగారు చెప్పారు. ప్రార్థన చెయ్యండి!"

చప్పట్లు కొట్టారు. వెనక వరసలో, ఇంతకుముందు ఎవరూ చూడని ఒక పెద్దమనిషి వినయంగా లేచాడు.

"ఆ మందు పేరేటి బ్రదర్? మా ప్రార్థనలో పెట్టుకుంటాం."

ఆనందకుమార్ సంతోషంగా మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

బెన్సన్ జేబు తడుముకున్నాడు. రెండో పెన్నుకి శాంక్షన్ ఇంకా రాలేదు.